మాతృవంశము: గోత్రపట్టికలో నెక్కని ఖాతా

(బంజారా హిల్స్‌నందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో మేము గావించిన యుపన్యాసము)

మాకీయబడిన విషయము మన పూర్వులు. గోత్రములను గూర్చియు, ఋషులను గూర్చియు, పెనుగొండ చరిత్రమును గూర్చియు మన సభలలో పెద్దలు పలుమారులు విన్నవించియున్నారు. కావున మేము పూర్వులలో రెండవ సగమును గూర్చి, అనగా తల్లులను గూర్చి, మనవి చేయదలచితిమి.

మనమిపుడు కూడియున్న యీ గుట్టలను గూర్చి మొదట నొక్కమాట. ఈ బండరాళ్లు పుట్టి సుమారు 250 కోట్ల సంవత్సరములైనదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. వీనికి పేరు వచ్చుట మాత్రము నిన్నటి సంగతి. ఎడ్లమందలపై ఉప్పును, ధాన్యమును వేసికొని దక్కనునందంతటను సంచరించిన బంజారాలు, అనగా మనము లంబాడీలని పిలుచువారు, ఇచ్చట తండాలు వేసికొనియుండిరి. అట్టివారు మోసి తెచ్చిన సరకును తూచి యమ్మినవారు మన తాతలే. పిమ్మట నిజాము ప్రభుత్వమున ఉన్నతోద్యోగియైన మెహదీ నవాజ్ జంగు ఈ రాళ్లనడుమ నిల్లు కట్టుకొని బంజారా భవనమని దానికి పేరిడెను. తరువాత మేడలు లేచినవి, తండాలు తొలగినవి. గుట్టకు వారి పేరు మిగిలినది గాని వారు మిగులలేదు. మన వంశవృక్షములందు స్త్రీల సంగతి దీనికి తలక్రిందు. వారు మనయందు మిగిలిరి, వారి పేర్లు మిగులలేదు.

మా పితామహులు స్వహస్తముతో వ్రాసిన వంశవృక్షమొకటి మాయొద్ద కలదు. పదునొకండు తరముల పురుషులు అందు వరుసగా నున్నారు. ఎవరు ఏ యూర దుకాణము పెట్టిరో, ఎవరు దత్తు వెళ్లిరో, ఎవరు కాశికి పోయి తిరిగిరాలేదో కూడ సూచింపబడినది. భార్యల యెదుట మాత్రము తొలి యెనిమిది తరములందు గీత గీయబడియున్నది. లెక్కలో దమ్మిడీ తప్పినచో రాత్రియంతయు మేలుకొని వెదకిన మనుష్యుడాయన. అట్టివానికి కూడ నీ యెనిమిది గీతలు లోటుగా దోచలేదు. ఆయనను నిందించుటకు గాదు ఈ మాట యనుట, ఆచారమే యట్టిది.

తర్పణమునందైనను చూడుడు. తల్లిని, తండ్రితల్లిని, తాతతల్లిని పేర్కొందుము. మాతామహవర్గమునకు వచ్చినపుడు తల్లితల్లిని పేర్కొందుము. ఆమెకు పైన నెవరు? తల్లియొక్క తండ్రిని గన్న తల్లి. అనగా తల్లి, తల్లికి తల్లి యని రెండుమెట్లెక్కి, మూడవ మెట్టున దారి పురుషునివైపు తిరిగిపోవును. అమ్మమ్మకు తల్లియైన స్త్రీకి అచ్చట స్థానము లేదు. ఏబదియేండ్లుగా తిలోదకములు విడుచుచుండియు మేమీ సంగతిని గమనించినది ఇటీవలనే.

ఏ పుస్తకమునందును వ్రాయబడని యీ వరుస మన శరీరములందు వ్రాయబడియున్నదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అదెట్లో సాధ్యమైనంత తేటగా చెప్పెదము. మన దేహము జీవకణముల సముదాయము. కణమధ్యమున కేంద్రకమొకటి యుండును. తల్లిదండ్రులిరువురినుండి సమముగా వచ్చిన డీ.ఎన్.ఏ. దానియందు నిక్షిప్తమై యుండును. కేంద్రకమునకు వెలుపల, కణమునకు శక్తిని సమకూర్చు మైటోకాండ్రియాలను చిన్న పొయ్యిలవంటివి యనేకము కలవు. వీనికి వేరుగా తమదైన చిన్న డీ.ఎన్.ఏ. కలదు. ఇది ఉంగరమువలె గుండ్రనిది; దీనియందలి యక్షరములు 16,569; జన్యువులు 37. గర్భమున శిశువు రూపొందునపుడు ఈ పొయ్యిలన్నియు తల్లి యండమునుండియే వచ్చును. తండ్రివి నిలువవు. కొడుకునకును, కూతునకును తల్లిదే వచ్చును. కాని కొడుకు దానిని తన బిడ్డల కీయజాలడు, కూతురు మాత్రమే యీయగలదు. కనుక తల్లి, అమ్మమ్మ, ఆమె తల్లి, ఆ తల్లికి తల్లి యను నొక్క వరుస వెంబడి యిది యెడతెగక నడచుచుండును. దీనిని మేము తల్లిపేగు దారమని పిలిచెదము.

మన వృత్తికి తగిన యుపమాన మొకటి చెప్పిన నింకను స్పష్టమగును. పాత ఆవర్జా చినిగినపుడు గుమాస్తా దానిని క్రొత్త పుస్తకములోనికి ఎత్తివ్రాయును గదా. పదునారువేల యక్షరములను వ్రాయునపుడు ఎంత జాగరూకుడైనను ఎప్పుడో యొకచోట నక్షరము మారును. తరువాతి గుమాస్తా ఆ తప్పును తప్పుగా నెరుగక యట్లే యెత్తివ్రాయును. రెండు దుకాణముల ఆవర్జాలలో నొకేచోట నొకే తప్పున్నచో ఆ రెండును ఒకే మూలప్రతినుండి పుట్టినవని తేలును. తల్లిపేగు దారముననట్టి మార్పు సుమారు మూడు నాలుగు వేల యేండ్లకొకటి నిలుచునని లెక్క. ఏ తప్పులు ఎవరెవరికి సమానమో చూచి శాఖలు కట్టుదురు. తప్పుల సంఖ్యనుబట్టి కాలము కట్టుదురు.

ఈ పద్ధతిని లోకమంతటికి వర్తింపజేసి 1987లో రెబెక్కా కాన్, మార్క్ స్టోన్‌కింగ్, అల్లన్ విల్సన్ అను మువ్వురు కాలిఫోర్నియానందు ఒక వ్యాసము ప్రకటించిరి. పలు ఖండముల సంతతికి చెందిన 147 మంది దారములను పోల్చిచూడగా అవన్నియు సుమారు రెండు లక్షల సంవత్సరముల క్రిందట ఆఫ్రికాయందున్న యొక స్త్రీకడ కలిసినవి. ఆ కాలమున లోకములో స్త్రీ యామె యొక్కతెయే యని దీని యర్థము గాదు. తక్కిన స్త్రీలును ఉండిరి, వారికిని సంతతి కలదు. కాని వారి వరుసలలో ఎచ్చటనో యొకచోట కూతురు లేకపోయెను. కొడుకులే కలిగిన తల్లి దారము ఆ కొడుకులతో సరి. పుత్రుడు లేనిచో వంశము నిలువదని మన మింతకాలము చెప్పుకొనుచున్నాము. ఈ ఖాతాలో మాత్రము ఏడుగురు కొడుకులను గన్న పుణ్యాత్మురాలే నిస్సంతు!

ఇక మన దేశపు మాట. ఈ విషయమున హైదరాబాదు నగరము ప్రపంచప్రసిద్ధమైన కృషి గావించినది. 1977లో పుష్పమిత్ర భార్గవగారి నాయకత్వమున నెలకొన్న సి.సి.యం.బి. యను పరిశోధనాలయము ఈ గుట్టలనుండి నగరమును దాటి తూర్పుగా పోయినచో హబ్సిగూడయందు కలదు. అందు లాల్జీ సింగుగారును, కె. తంగరాజుగారును మన దేశమందలి నానాజాతుల రక్తనమూనాలను పరిశీలించిరి. అండమాను దీవులందలి ఓంగీలు మొదలగువారి తల్లిపేగు దారములు వేలకొలది తరములుగా వేరుపడియున్న ప్రాచీనశాఖలని 2005లో వీరు ప్రకటించిరి. భారతీయుల దారములలో సగమునకు మించినవి ఎమ్ అను మహాశాఖకు చెందినవి. తక్కిన వానిలో అధికభాగము ఆర్ అను శాఖకును, దానినుండి చీలిన యు అను శాఖకును చెందినవి. ఎమ్ శాఖయొక్క యుపశాఖలు అనేకములు ఈ దేశముననే పుట్టినవి. ఏబదివేల యేండ్లకు పూర్వము వచ్చి నిలిచిన తల్లులవి. 2003లో వెలువడిన యొక పరిశోధనలో మన చెంచుల దారములను, కోయల దారములను కులములవారి దారములతో పోల్చిచూచిరి. తొలివాసులైన తల్లుల వారసత్వము గిరిజనులయందును, కులములవారియందును సమానముగా నిలిచియున్నదని తేలినది. నల్లమల యడవియందు తేనె తీయు చెంచుపడతియు, దుకాణపు గద్దెపై కూర్చున్న శ్రేష్ఠియు నొక్క తల్లి బిడ్డలగుట కడ్డేమియు లేదు.

హరియాణాలోని రాఖీగఢీయందు దొరికిన సింధునాగరికతాకాలపు స్త్రీ యొక్క యస్థికలనుండి కూడ దారమును చదివిరి. 2019లో ఆ ఫలితము వెలువడినది. ఆమెది యు2బి2 యను శాఖ. అది నేటికిని మన దేశముననే కలదు. ఆమె యే భాషాడెనో, ఏ కులపుదో, అసలు కులమనునది యప్పుడుండెనో లేదో ఆ యెముక చెప్పదు.

తెలుగు కులములకే సంబంధించిన పరిశోధన యొకటి కలదు. మైకేల్ బామ్‌షాద్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పండితులతో గూడి, విశాఖపట్టణ ప్రాంతమున బ్రాహ్మణులనుండియు, క్షత్రియులనుండియు, మన వైశ్యులనుండియు, కాపులనుండియు, యాదవులనుండియు, రెల్లి, మాల, మాదిగ కులములవారినుండియు నమూనాలు సేకరించెను. 1998లోను, 2001లోను ఫలితములు ప్రకటించిరి. సారాంశమిది: తండ్రివైపు దారములు కులమునుండి కులమునకు గట్టిగా వేరుపడియున్నవి, తల్లివైపు దారములు మెట్టునుండి మెట్టునకు కలిసియున్నవి. అనగా స్త్రీలు అప్పుడప్పుడు తమ కులమునుండి దానికి పైమెట్టు కులమునకు కోడండ్రై వెళ్లిరి. ధర్మశాస్త్రములు అనులోమ వివాహమని దీనికే పేరిడినవి. పేరుండుటచేతనే ఆచారముండెనని మనమూహింపవలసినది. మన పెద్దలలో కొందరికి ఈ మాట రుచింపకపోవచ్చును. మాకును మొదట రుచింపలేదు.

ఇప్పుడు ఈ సభయెదుట నున్న యొక సూచన విషయము చెప్పవలసియున్నది. గోత్రమునకొకరి చొప్పున 102 గోత్రములవారికిని ఈ తల్లిపేగు పరీక్ష చేయించి, మన ప్రాచీనతను, వంశశుద్ధిని లోకమునకు వెల్లడింపవలెనని కొందరు పోషకులు ఉదారముగా ద్రవ్యమిచ్చుటకు ముందుకు వచ్చిరి. వారి యభిమానమునకు మేము కృతజ్ఞులము. కాని ద్రవ్యము వ్యయపడకముందే వారికొక సంగతి విన్నవింపవలెను. గోత్రము తండ్రినుండి వచ్చును. ఈ దారము తల్లినుండి వచ్చును. ఒకే గోత్రపు పురుషులను పదుగురిని పరీక్షించినచో పదుగురి తల్లులును వేర్వేరు గోత్రములనుండి వచ్చినవారు గనుక పది దారములు వేర్వేరుగా కనబడవచ్చును. ఒకరి ఖాతా తెలిసికొనుటకు మరియొకరి పుస్తకము విప్పినట్లగును.

మేనరికము మనలో అనాదిగా నున్నది గదా, దారము మనలోనే చుట్టుకొనియుండదా యని యొక పెద్దలు మమ్మడిగిరి. మేము కాగితముపై గీచి చూచితిమి. మేనమామ కూతురు కోడలుగా వచ్చినపుడు అత్తకామె స్వయముగా మేనకోడలు. ఇరువురిదియు నొకే పుట్టిల్లు, ఒకే పుట్టింటి గోత్రము. కాని దారమొక్కటి కాదు. అత్తకు తన తల్లిది వచ్చినది. మేనకోడలికి వచ్చినది తన తల్లిది, అనగా అత్తగారి సోదరుని భార్యది. ఆమె వేరొక యింటినుండి వచ్చినది. తెలుగునాట అనేక కులములందు అక్కకూతురిని వివాహమాడు నాచారము కలదు. అచ్చట వధూవరులిరువురికిని దారమొక్కటియే. వరునకు తన తల్లినుండియు, వధువునకు అమ్మమ్మయైన యాతల్లినుండియే తన తల్లిద్వారమునను వచ్చినది. మేనరికము పుట్టింటిని నిలిపినది గాని తల్లిపేగును నిలుపలేదు. తల్లిని జూచి పిల్లను దెమ్మను సామెతను మనము నిత్యమును చెప్పుచుందుము. ఆ పిల్లతల్లి యెవరి బిడ్డ యని మూడవ ప్రశ్న వేయుట యరుదు.

పెనుగొండ క్షేత్రమున వాసవీ కన్యకాపరమేశ్వరితో గూడ 102 గోత్రములవారు నగ్నిప్రవేశము చేసిరనియు, 714 గోత్రములలో మనకు పూజ్యములైనవి ఆ నూటరెండేయనియు మన పురాణము. అమ్మవారు కన్యక. ఆమె దారము ఆమెతోనే నిలిచినది. అయినను మనమందరమును ఆమెను అమ్మాయని పిలుచుచున్నాము.

మరియొక హెచ్చరిక. పది తరములు వెనుకకు పోయినచో ఒక్కొక్కరికి పూర్వుల స్థానములు 1,024. మేనరికములచేత ఒకే వ్యక్తి రెండు మూడు స్థానములందుండవచ్చును గాని స్థానములు మాత్రమవియే. వానిలో తల్లిపేగు దారము చూపునది ఒక్క స్థానమును. గోత్రము చూపునది మరియొక్క స్థానమును. తక్కిన 1,022 మందియు ఈ రెండింటికిని దొరకరు.

ఆ తక్కినవారందరి కబురు కేంద్రకమందలి డీ.ఎన్.ఏ. కొంతవరకు చెప్పును. 2009లో డేవిడ్ రైక్ అను శాస్త్రజ్ఞుడును, మన తంగరాజు, లాల్జీ సింగుగార్లును 25 సమూహములకు చెందిన 132 మందిని పరిశీలించి ప్రకటించిన వ్యాసమున మన ఆంధ్ర వైశ్యుల ప్రసక్తి ప్రత్యేకముగా నున్నది. రెండు మూడువేల యేండ్ల క్రిందట కొద్దిమంది పూర్వులనుండి మనము విస్తరించితిమనియు, అటుపిమ్మట నితరులతో సంబంధము మిక్కిలి స్వల్పమనియు వారు తేల్చిరి. ఇది విని మీసము దువ్వుకొనువారు తరువాతి సంగతి కూడ వినవలెను.

కొన్నియేండ్ల క్రిందట మా మేనకోడలికి నగరమున నొక వైద్యశాలలో శస్త్రచికిత్స జరిగినది. చికిత్స సుఖముగా ముగిసినది. కాని పిల్ల ఊపిరి తీయలేదు. కన్నువిప్పలేదు, వేలు కదలింపలేదు. పది నిమిషములలో తెలివివచ్చునన్నవారు గంట యైనను, రెండు గంటలైనను యంత్రముతోనే శ్వాస నడపుచుండిరి. మేము గోడనానుకొని నిలుచుంటిమి. అంతట వృద్ధులైన మత్తువైద్యులొకరు వెలికి వచ్చి, "ఏమీ యనుకోకండి, మీరు వైశ్యులా?" యని యడిగిరి. ఔనంటిమి. "అయితే భయములేదు. మందు నెమ్మదిగా దిగును. యంత్రము తీయకుండ కాచుకొందము" అనిరి. నాటి సాయంకాలము పిల్ల లేచి మంచినీళ్లడిగినది. కులమడిగినవారిని మేము జన్మమున నెందరినో చూచితిమి. అందులకు చేతులెత్తి మ్రొక్కినది ఆ యొక్కరికే.

కారణమిది. శస్త్రచికిత్సకు ముందు కండరములను సడలించుటకు సక్సినైల్‌కోలిన్ అను మందునిత్తురు. రక్తమందలి బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అను పదార్థము దానిని కొద్ది నిమిషములలో విరిచివేయును. ఆ పదార్థము లోపించినవారికి మందు గంటలతరబడి దిగదు. ఈ లోపము ఇతరులకంటె మన వైశ్యులయందు నూరురెట్లధికమని 2017లో వెలువడిన వ్యాసమునందు కలదు. ఇది తల్లిపేగు దారమునకు సంబంధించినది కాదు. తల్లినుండియు తండ్రినుండియు రెండు ప్రక్కలను చెడిన జన్యువు వచ్చినపుడే కలుగును. ఆ మూలపురుషులలో నెవరియందో యుండిన యొక్క తప్పు, మనలో మనమే పిల్లల నిచ్చిపుచ్చుకొనుటచే రెండువైపులనుండియు వచ్చి కలిసికొనుచున్నది. రక్తపరీక్షచే దీనిని ముందుగానే తెలిసికొనవచ్చును. తెలిసినచో వైద్యులు వేరుమందు వాడుదురు. కావున శస్త్రచికిత్సకు పోవు ప్రతివారును తాము వైశ్యులమని మత్తువైద్యునితో నడుగకముందే చెప్పవలెను. సంఘద్రవ్యము పరీక్షలకు వ్యయపడవలసియున్నచో నిందులకు వ్యయపడుటయే యుక్తమని మా యభిప్రాయము.

అమెరికాయందున్న మన పిల్లలనేకులు సీసాలో నుమిసి పంపి తమ శాఖలను తెలిసికొనుచున్నారు. తప్పేమియు లేదు. కాని ఒక్కటి గుర్తుంచుకొనవలెను. కోటిన్నరమంది నమూనాలను చేకొన్న ట్వెంటీత్రీ అండ్ మీ యను సంస్థ 2025 మార్చిలో దివాలా దరఖాస్తు పెట్టెను. మన ఆవర్జా పరుల దుకాణమున దాచినపుడు, ఆ దుకాణమే వేలమునకు వచ్చినచో ఏమగునో వర్తకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

కాగా మేము కోరునది పైసా ఖర్చులేనిది. ఈ సంవత్సరము సంఘమువారచ్చొత్తింపదలచిన కుటుంబపట్టికలో ఇంటిపేరు, గోత్రము, వృత్తి యను గళ్లున్నవి. భార్యపేరునకు గడి యున్నది గాని ఆమె పుట్టింటిపేరునకు లేదు. తల్లి పుట్టింటి యింటిపేరు, గోత్రము, ఊరు, అమ్మమ్మ పుట్టింటివి, ఆమె తల్లివి, ఇట్లు తెలిసినంతవరకు వ్రాయుటకు అయిదు గళ్లు చేర్పవలెనని మా ప్రార్థన. ఎచ్చట దొరకుననిన, పెండ్లి చదివింపుల పుస్తకములు విప్పుడు. మేనమామ చదివింపు మొదటి పుటలలోనే యుండును. పాత చిట్టాలలో సారె ఖర్చు వ్రాసిన దినమును వెదకుడు. ఏ యూరనుండి వచ్చినదో దాని ప్రక్కనే యుండును. అన్నింటికంటె ముందు, ఇంట నున్న ముసలమ్మలనడుగుడు. వారు పోయిన పిమ్మట నే పరీక్షయు వారి పేరును తెచ్చి యీయజాలదు. శాస్త్రము శాఖను చెప్పునే గాని పేరును చెప్పదు.

మేము మా గళ్లు నింపజూచితిమి. మా తల్లి పుట్టినది సూర్యాపేట. ఆమె తల్లి పుట్టినది మిర్యాలగూడెము. ఆమె తల్లి జగ్గయ్యపేటనుండి కాపురమునకు వచ్చినది. ఇంటివారు నూనెగింజల వర్తకులని మాత్రము తెలిసినది. నాలుగవ యామె నందిగామ ప్రాంతపుదని మా పినతల్లిగారు చెప్పిరి. పేరు వారికిని గుర్తులేదు. అయిదవ గడి ఖాళీ. కాగితములు భోజనశాల ద్వారమువద్ద బల్లపై నుంచబడినవి. జగ్గయ్యపేట, నందిగామల వారెవరైన నిచ్చట నున్నచో భోజనానంతరము ఆ బల్లయొద్ద మమ్ము కలిసికొనవలెనని కోరుచున్నాము.